నిజందేనా టీచర్?

తెలుగు టీచరు పడే పాట్లు తెలియాలంటే ఏడో తరగతి పిల్లలు రాసిన విహారయాత్ర లేఖలు ఒక కట్ట దిద్ది చూడాలి. ‘నీవు దర్శించిన చారిత్రక స్థలమును గురించి మిత్రునికి లేఖ రాయుము’ అన్న ప్రశ్న మా చిన్నప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. జవాబు కూడా మారలేదు. నేనిక్కడ క్షేమం, నీవక్కడ క్షేమమని తలుస్తాను. ఉదయం ఆరు గంటలకు బస్సులో బయలుదేరితిమి. అచ్చటి శిల్పసంపద కనువిందు చేసినది. మా ఆనందమునకు అవధులు లేవు. ఇట్లు నీ ప్రియమిత్రుడు. ఇందులో అమరావతి తీసేసి హంపి పెట్టినా, హంపి తీసేసి గోల్కొండ పెట్టినా లేఖకేమీ నొప్పి కలగదు. వెళ్లొచ్చినవాడూ ఇదే రాస్తాడు, జ్వరమొచ్చి ఇంట్లో పడుకున్నవాడూ ఇదే రాస్తాడు. పడుకున్నవాడి దస్తూరీ బాగుంటే వాడికే ఒక మార్కు ఎక్కువ పడుతుంది.

ఇందులో పిల్లల తప్పేమీ లేదు. మనం వాళ్లను తిప్పే పద్ధతే అలా ఏడ్చింది. దింపుతాం, లెక్కపెడతాం, గైడుకు అప్పజెబుతాం, మళ్లీ లెక్కపెడతాం, ఎక్కిస్తాం. పొద్దున డ్యామ్, పదకొండింటికి మ్యూజియం, మధ్యాహ్నం జలపాతం, దీపాలు పెట్టేవేళకు గుడి. ఒకచోట నిలబడి ‘ఇదేంటబ్బా’ అనుకునేలోపు పీఈటీ సారు ఈల వేస్తారు. ఏ విగ్రహం ఏ ఊళ్లో చూశామో రాత్రి బస్సులోనే కలగాపులగం అయిపోతుంది. రాజు పేరు, కట్టిన సంవత్సరం, చుట్టూ చూడదగినవి ఎన్ని అన్నది సాంఘికశాస్త్రం పుస్తకంలో అచ్చయ్యే ఉంది. దానికోసం వాంతులు చేసుకుంటూ అంతదూరం పోనక్కర్లేదు.

మాది గుంటూరు. ఇక్కడి బడులకు చరిత్రకు కరువు లేదు. అమరావతి, ఉండవల్లి గుహలు, భట్టిప్రోలు, కొండవీడు, కృష్ణ దాటితే కొండపల్లి. అయినా టూరు మాట వచ్చినప్పుడల్లా స్టాఫ్‌రూమ్‌లో నా ఓటు నాగార్జునకొండకే. దూరాభారం, లాంచీ ప్రయాణం, పైగా ‘అక్కడేముంది టీచర్, నాలుగు రాళ్లు’ అనేవాళ్లు ప్రతి స్టాఫ్‌రూమ్‌లోనూ ఒకరుంటారు. నిజమే, ఉన్నవి రాళ్లే. కానీ ఆ రాళ్ల ముందు నిలబడ్డ పన్నెండేళ్ల పిల్లల్లో ఎవరో ఒకరు ఒక ప్రశ్న అడిగి తీరతారు. అది వినడానికే నేను ఎస్కార్ట్ డ్యూటీకి ఒప్పుకుంటాను. లేకపోతే ఆదివారాలు పోగొట్టుకునే సరదా నాకు లేదు.

ముందు బస్సు సంగతి చెప్పాలి. పిల్లలతో ప్రయాణమంటే అంగీకారపత్రాలు, నిమ్మకాయలు, ఏవోమిన్ మాత్రలు, నల్ల కవర్లు. తల్లిదండ్రుల సంతకాల్లో సగం పిల్లలే పెట్టినవని ప్రతి క్లాస్‌టీచరుకూ తెలుసు. ఫోన్లు తేవద్దని మూడుసార్లు చెబుతాం. సత్తెనపల్లి దాటకముందే ఏదో టిఫిన్ బ్యాగులోంచి ఒకటి మోగుతుంది. వాంతులయ్యేవాళ్లకు ముందు సీట్లు అంటే, ఆ సీట్లకోసం ఉన్నట్టుండి ఇరవైమందికి కడుపులో తిప్పుతుంది. వీళ్లలో నిజమైనవాళ్లెవరో మొహం చూసి చెప్పగలిగేది మా ఆయమ్మ ఒక్కతే. ఆమె కవరు ఎవరి ముందు పడితే వాళ్లు రెండు నిమిషాల్లో వాడాల్సిందే. ఆయమ్మ లేకుండా ఏ విజ్ఞానయాత్రా గుంటూరు పొలిమేర దాటదు. బడి ఫ్లెక్సీల్లో మాత్రం ఆమె ఫొటో ఉండదు.

పిడుగురాళ్ల వచ్చేసరికి రోడ్డు పక్క చెట్లు తెల్లబడతాయి. సున్నపు బట్టీల పొడి ఆకులమీద, రేకుల కప్పులమీద, దడులమీద మందంగా పేరుకుని ఉంటుంది. ‘టీచర్, ఇక్కడ మంచు పడిందా?’ అని వెనక సీటు వాడొకడు పరాచికాలాడతాడు. నా లెక్కన చరిత్ర పాఠం ఇక్కడే, టికెట్ లేకుండా, మొదలవుతుంది. ఈ పల్నాటి సున్నపురాయినే చెక్కి అమరావతిలో స్తూపానికి తాపడం చేశారు. నాగార్జునకొండలో బుద్ధుణ్ణి నిలబెట్టిందీ ఈ రాతితోనే. ఇదే రాతిని బట్టీలో కాలిస్తే గోడకు కొట్టే సున్నం. రాతికి ఉలి దెబ్బో, నిప్పో, ఏది రాసిపెట్టి ఉందో చెప్పలేం. అమరావతి పలకలు కొన్ని చెక్కిన తరవాత కూడా సున్నమైపోయాయి. 1797లో కాలిన్ మెకంజీ వచ్చి చూసేనాటికే స్తూపం రాళ్లు ఊడదీసి వేరే కట్టడాలకు వాడుకుంటున్నారు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించినవి మద్రాసు చేరాయి, వాటిలో చాలాభాగం అక్కణ్ణుంచి లండన్‌కు ఓడెక్కాయి. మాకు గంట ప్రయాణంలో ఉన్న స్తూపం శిల్పాల్లో గొప్పవాటిని చూడాలంటే మద్రాసు ఎగ్మూరు మ్యూజియానికో బ్రిటిష్ మ్యూజియానికో పోవాలి. ఇదంతా పిల్లలకు మైకులో చెప్పను. కిటికీలోంచి తెల్లచెట్లు కనిపిస్తున్నంతసేపు నా పక్కన కూర్చున్న ఇద్దరికి చెబుతాను. దాచేపల్లి వచ్చేలోగా అది నాలుగు తప్పులతో బస్సంతా పాకుతుంది. ఆ తప్పులతో నాకు పేచీ లేదు.

నాగార్జునసాగర్ ఒడ్డున విజయపురి సౌత్‌లో లాంచీ ఎక్కించేటప్పుడు మాత్రం నవ్వులాట ఉండదు. 2014 జూన్‌లో హిమాచల్‌లోని బియాస్ నదిలో హైదరాబాద్ నుంచి వెళ్లిన ఇంజినీరింగ్ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయారు. 2019 సెప్టెంబరులో గోదావరిలో కచ్చులూరు దగ్గర బోటు మునిగింది. నీళ్లున్న చోటికి పిల్లల్ని తీసుకెళ్లే ఏ టీచరుకైనా ఈ రెండూ కడుపులో కదులుతూనే ఉంటాయి. లైఫ్ జాకెట్ తాడు ముడి ఒక్కొక్కరిదీ లాగి చూస్తాను. ‘చెమట పడుతోంది టీచర్’ అంటే పట్టనివ్వమంటాను. ఎవరి నంబరు వాళ్లు అరిచి చెప్పాలి. పదిహేడు తరవాత పద్దెనిమిది వినపడలేదంటే గుండె గొంతులోకొస్తుంది. పద్దెనిమిదో వాడు ఇంజిను దగ్గర నిలబడి డ్రైవరు చక్రం తిప్పడం చూస్తుంటాడు.

ఈ లెక్కలతో నెత్తి బొప్పికట్టినప్పుడల్లా నాకు హారీతి గుర్తొస్తుంది. ఇప్పుడు నీళ్ల కింద ఉన్న నాగార్జునకొండ లోయలో, పాతకాలపు ఆటస్థలానికి ఎగువన హారీతికి గుడి ఉండేదని తవ్వకాల్లో తేలింది. హారీతి కథ బౌద్ధులది. ఆమె ఐదువందల మంది బిడ్డల తల్లి, ఊళ్లో పిల్లల్ని ఎత్తుకుపోయి తినే యక్షిణి. బుద్ధుడు ఆమె కడగొట్టు బిడ్డను తన భిక్షాపాత్ర కింద దాచిపెట్టాడు. మిగిలిన నాలుగువందల తొంభై తొమ్మిది మందీ కళ్లముందే ఉన్నా ఆ ఒక్కడికోసం ఆమె లోకమంతా తిరిగి గుండెలు బాదుకుంది. ఇంతమందిలో ఒకడు కనపడకపోతేనే నీకింత దుఃఖమే, ఒక్కగానొక్కణ్ణి పోగొట్టుకున్న తల్లుల మాటేమిటని బుద్ధుడు అడిగాడు. ఆనాటినుంచి ఆమె పిల్లల్ని కాచే తల్లి అయింది. ఎస్కార్ట్ డ్యూటీకి అధిదేవత అంటూ ఎవరైనా ఉంటే ఈమే. నంబర్లు అరిపించి లెక్క సరిపోయాక లాంచీలో ఈ కథ చెబితే, అంతదాకా గోల చేస్తున్నవాళ్లు కూడా ఒక్క నిమిషం లైఫ్ జాకెట్లు సవరించుకుంటారు.

కొండమీద మ్యూజియం. గైడు తన ధోరణిలో తాను చెప్పుకుపోతాడు: ఇక్ష్వాకులు, క్రీస్తుశకం మూడు నాలుగు శతాబ్దాలు, రాజధాని విజయపురి, శాంతమూలుడు, వీరపురుషదత్తుడు, ఎహువల శాంతమూలుడు. పిల్లల చెవులు మూసుకుపోయి చాలాసేపైంది గానీ కళ్లు తెరిచే ఉన్నాయి. ఒక పలకమీద సిద్ధార్థుడు అర్ధరాత్రి ఇల్లు విడిచిపోతున్న ఘట్టం. గుర్రం మీద ఆయన, గుర్రం కాళ్ల కింద పొట్టి పొట్టి మనుషులు, ఒక్కొక్క డెక్కనూ అరచేతులతో ఎత్తిపట్టుకుని. గైడు ‘మహాభినిష్క్రమణం’ అని ముందుకు సాగిపోయాడు. వెనకబడ్డ ముగ్గురు నలుగురు అక్కడే ఉండిపోయారు. వాళ్లు గుర్రాన్నెందుకు మోస్తున్నారని ఒకడు అడిగాడు. కాలు నొప్పేమో అన్నాడు ఇంకొకడు. రెండు జడల పిల్ల గాజు పలకకు ముక్కు ఆనించి చూసి, ‘చప్పుడు కాకుండా రా. ఇంట్లోవాళ్లు లేస్తారుగా’ అంది. శిల్పి కూడా ఆ మాట అనిపించుకోవడానికే అంత కష్టపడ్డాడు. పదిహేడు వందల ఏళ్ల నాటి పనివాడికీ మా ఏడో తరగతి పిల్లకూ మధ్యలో ఎవరూ అడ్డం రాకపోతే పని ఎంత తేలిగ్గా జరిగిపోతుందో చూడండి.

నాకు ఇష్టమైన మనిషి మాత్రం బోధిసిరి. ఈ లోయలో దొరికిన ఒక ప్రాకృత శాసనం ఆమెది. రాణి కాదు, రాజు చెల్లెలు కాదు, బౌద్ధ ఉపాసిక. సింహళం నుంచి వచ్చిన థేరవాద ఆచార్యులకోసం చైత్యగృహం కట్టించింది. ఆ ఆచార్యులు ధర్మం చెప్పిన దేశాల పట్టీలో కాశ్మీరం, గాంధారం, చీనా, తోసలి, వంగం, వనవాసి ఉన్నాయి. ‘చైనావాళ్లకు మాచర్ల తెలుసా టీచర్?’ అని అడిగాడొకడు. మాచర్ల తెలియకపోయినా ఈ కొండకు పాతపేరైన శ్రీపర్వతం తెలిసినవాళ్లు చాలా దూరాల్లో ఉండేవాళ్లన్నాను. ఇక బోధిసిరి ఆ పుణ్యాన్ని ఒక్కతే ఉంచుకోలేదు. భర్త, తల్లిదండ్రులు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, వాళ్ల బిడ్డలు, అందరినీ పేరుపేరునా చేర్చి, మన పెళ్లి శుభలేఖ అడుగున బంధువుల పేర్లు వేయించినట్టు రాతిమీద వేయించింది. రాజులు అశ్వమేధాలు చేసుకుంటుంటే అంతఃపుర స్త్రీలు స్తూపాలకు దానాలిచ్చారు. మహాచైత్యం పని పూర్తి చేయించిన చాంతిసిరి శాంతమూల మహారాజు తోడబుట్టిందే. ‘రాజుగారు కోప్పడలేదా?’ అని ఆడపిల్లలే అడిగారు. కోప్పడినట్టు ఏ శాసనంలోనూ లేదని చెబితే వాళ్లకు పూర్తిగా నమ్మకం కుదిరినట్టు లేదు. వాళ్ల ఇళ్లలో ఏ చందా రాయాలన్నా ఎవరి అనుమతి కావాలో వాళ్లకు తెలుసు.

మ్యూజియంలో అన్నిటికంటే పిల్లలు ఎక్కువసేపు నిలబడేది లోయ నమూనా దగ్గర. కొండలు, మధ్యలో పల్లం, పల్లంలో ఎక్కడెక్కడ ఏ కట్టడం ఉండేదో చిన్న చిన్న గుర్తులతో. మొదట చుట్టూ మూగి తోసుకుంటారు. తరవాత ఎవరో ఒకరు ‘మనమిప్పుడు ఎక్కడున్నాం?’ అంటారు. వేళ్లన్నీ వెతుకుతాయి. కొండమీద ఒక వేలు ఆగుతుంది. ‘మరి మన లాంచీ?’ వేలు గాలిలోకి లేచి, ఆ బొమ్మ ఇళ్లమీదుగా, స్తూపాలమీదుగా మెల్లగా ఇటు వస్తుంది. మేం వాటి నెత్తిమీదుగా పాప్‌కార్న్ తింటూ వచ్చామన్న సంగతి అప్పుడర్థమవుతుంది. ఒకడు ‘అమ్మో’ అన్నాడు. ఏ పాఠానికీ నాకు ఆ మాట దొరకలేదు.

బయటికొచ్చాక తిరిగి కట్టిన స్తూపం దగ్గర అసలు ప్రశ్న. ఆ రెండు జడల పిల్లే ఇటుకమీద చెయ్యి ఆనించి అడిగింది: ‘ఇది నిజందేనా టీచర్?’

‘అవునమ్మా’ అన్నారు సోషల్ టీచరు. అదే క్షణంలో నేను ‘కాదమ్మా’ అన్నాను. పిల్లలు మా ఇద్దరి మొహాలూ చూశారు. టీచర్లిద్దరికి పడలేదంటే ఏడో తరగతికి అంతకుమించిన పండగ లేదు. మ్యూజియంలో నీరసంగా ఆవులించినవాళ్లు కూడా దగ్గరికి జరిగారు. ఇద్దరం సరిగానే చెప్పామని నిరూపించుకోవడానికి మాకు మొత్తం కథ చెప్పక తప్పలేదు.

కథ ఒక బడిపంతులుతో మొదలవుతుంది, అది నాకు గర్వం. 1926లో సూరపరాజు వెంకటరామయ్య అనే స్థానిక ఉపాధ్యాయుడు ఈ లోయలో ఒక పాతకాలపు స్తంభాన్ని చూసి మద్రాసు ప్రభుత్వానికి తెలియజేశాడు. శాసనాల శాఖలో పనిచేసే రంగస్వామి సరస్వతి వచ్చి చూశారు. మరుసటి ఏడాదినుంచి లాంగ్‌హర్స్ట్ తవ్వకాలు. ఆయన కాలంలో మహాచైత్యంలో దొరికిన ధాతువు ఇప్పుడు సారనాథ్‌లో మూలగంధకుటీ విహారంలో ఉంది. కృష్ణకు అడ్డంగా ఇక్కడే డ్యామ్ కట్టాలనుకున్నాక లోయకు గడువు పడింది. 1954లో ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో పెద్ద తవ్వకం మొదలైంది. 1955 డిసెంబరు 10న నెహ్రూ డ్యామ్‌కు శంకుస్థాపన చేశారు. అంటే ఒకపక్క గోడ లేస్తోంది, ఇంకోపక్క మట్టి తీస్తున్నారు. ఆరేళ్లపాటు పాత రాతియుగపు పనిముట్ల దగ్గర్నుంచి విహారాలు, స్తూపాలు, గుళ్లు, స్నానఘట్టం, ఆటస్థలం దాకా దొరికినవన్నీ గీసుకున్నారు, కొలిచారు, ఫొటోలు తీశారు. కొన్నిటిని విప్పి పైకి తెచ్చి కొండమీదా, అనుపు ఒడ్డునా మళ్లీ కట్టారు. కొన్నిటికి నమూనాలు చేశారు. తక్కినవి నీళ్లకు వదిలేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. దాదాపు ఆ ఏళ్లలోనే ఈజిప్టులో ఆస్వాన్ డ్యామ్‌కోసం అబూ సింబెల్ గుళ్లను ముక్కలు కోసి పైకెత్తారు. మనవాళ్లు చేసింది దానికంటే ముందే మొదలైన పని, లోకానికి అంతగా తెలియని పని.

కాబట్టి ఇటుక నిజందే, చోటు నిజంది కాదు. కొండ మాత్రం ఉన్నచోటే ఉంది, నీళ్లొచ్చి దాన్ని ద్వీపం చేశాయి.

ఇక్కణ్ణుంచి పిల్లలే నడిపారు. ‘అన్నీ పైకి తెచ్చి ఉండొచ్చుగా?’ ‘ఏది తేవాలో ఎవరు చెప్పారు?’ ‘డ్యామ్ ఇంకోచోట కట్టుకోవచ్చుగా?’ ‘స్తూపాలు మునిగాయి సరే, ఊళ్లో మనుషులెక్కడికెళ్లారు?’ చివరిదానికి సోషల్ టీచరు దగ్గరా నా దగ్గరా చెప్పుకోదగ్గ జవాబు లేదు. లోయలో, ఆవలి ఒడ్డున ఏలేశ్వరం వైపు, ఊళ్లు ఖాళీ అయ్యాయి. ఇక్ష్వాకుల ఇటుక ఎక్కడికి పోయిందో లెక్క ఉంది. 1960లలో కొంపాగోడూ సర్దుకుని ఎడ్లబండెక్కినవాడు ఏ ఊళ్లో దిగాడో అంత వివరంగా మ్యూజియం గోడమీద రాసిపెట్టేవాళ్లు లేరు. నా మట్టుకు ఇది చిన్న లోటు కాదు.

అప్పుడు, అంతవరకు నోరు విప్పని ఒక పిల్లవాడు, ‘మా ముత్తాత డ్యామ్ దగ్గర రాళ్లు మోశాడంట టీచర్’ అన్నాడు. అందరూ వాడివైపు తిరిగారు. ‘తట్టల్తోనే మోసేవాళ్లంట. మా ముత్తవ్వ కూడా.’ వాడి గొంతులో బడాయి లేదు, ఇంట్లో ఎప్పుడో విన్నది చెప్పాడంతే. నాగార్జునసాగర్ రాతి కట్టడం. యంత్రాలమీద కంటే మనుషుల నెత్తిమీద ఎక్కువ లేచిన డ్యామ్. వీరపురుషదత్తుడి పేరు నాలుగుసార్లు చెప్పినా పట్టించుకోని తరగతి, ఆ ముత్తాత పేరేంటని అడిగింది. రోజుకెంత ఇచ్చేవాళ్లని అడిగింది. ఇప్పుడున్నాడా అని అడిగింది. చరిత్రకారులు అడిగేవీ ఇవే.

మధ్యాహ్నం చెట్లకింద పులిహోర పొట్లాలు విప్పారు. పల్నాటికి వరి కొత్త. ఇక్కడికొచ్చి జొన్నకూడు తినలేక శ్రీనాథుడు చాటుపద్యాల్లో ఎంత గోల పెట్టాడో తెలుగు పాఠం చదివిన ఎవరికైనా తెలుసు. ఇప్పుడు సాగర్ కుడికాలువ కింద గుంటూరు, పల్నాడు, ప్రకాశం జిల్లాల పొలాలు తడుస్తున్నాయి. ‘మీ పొట్లంలో అన్నం బహుశా ఈ నీళ్లదే. విజయపురిని ముంచిన నీళ్లు’ అన్నాను. ఒకమ్మాయి చేతిలో ముద్ద ఆపింది. ఇంకొకడు తినేసి, ‘ఐతే మునగడమే మంచిది టీచర్’ అన్నాడు. ఆపిన పిల్లకు కోపమొచ్చింది. పులిహోర అయ్యేదాకా ఇద్దరూ వాదించుకున్నారు, మిగతావాళ్లు రెండు పార్టీలయ్యారు. మధ్యలో నేను ఒక్కమాట చేర్చాను: సాగర్‌కు దగ్గర్లోనే ఉన్న వెల్దుర్తి, బొల్లాపల్లి మండలాల మెట్టరైతులు వరికపూడిశెల ఎత్తిపోతల పథకం కోసం దశాబ్దాలుగా అడుగుతూనే ఉన్నారని. నీళ్ల పక్కనే ఉండి నీళ్లకోసం అడగడమేమిటని రెండు పార్టీలూ కలిసి నామీద పడ్డాయి.

నన్నడిగితే నేనూ నీళ్లకే ఓటేస్తాను. ఆకలితో ఉన్నవాడికి స్తూపం చూపించి సరిపెట్టమనడం న్యాయం కాదు. ఐతే దేనికి దేన్ని ఇచ్చుకున్నామో తెలిసి తినాలి. పిల్లలకు చరిత్రను మనం ఎప్పుడూ జరిగిపోయినదానిగా చెబుతాం. ఫలానా ఏట రాజ్యం వచ్చింది, ఫలానా ఏట పోయింది, వర్షం వచ్చి వెలిసినంత సహజంగా. నాగార్జునకొండ మీద ఆ మాట చెల్లదు. అక్కడ ప్రతిదాని వెనకా ఎవరో ఒకరు కూర్చుని ఇది తీసుకుందాం, అది వదిలేద్దాం అని తేల్చిన మధ్యాహ్నం ఒకటుంది. తేల్చినవాళ్లు దేవతలు కారు, మనలాంటి ఉద్యోగస్తులు, ఇంజినీర్లు, మంత్రులు. రేపు ఈ పిల్లల్లో ఎవరో ఒకరు అలాంటి కుర్చీలో కూర్చుంటారు, ఏ రోడ్డుకోసమో ఏ కోనేరు పూడ్చాలో సంతకం పెడతారు. ఆ సంతకం ముందు చెయ్యి ఒక్క క్షణం ఆగాలంటే, పన్నెండేళ్లప్పుడు ఒక ఇటుకమీద చెయ్యిపెట్టి ‘నిజందేనా’ అని అడిగి ఉండాలి. కోటలూ గుళ్లూ చూపించి మన పూర్వీకులు ఎంత గొప్పవాళ్లో చెప్పే యాత్రలు చాలానే ఉన్నాయి. వాటిమీద నాకు పెద్ద మోజు లేదు.

లాంచీలో ఒడ్డుకు తిరిగొచ్చాక అనుపు వెళ్లాం. లోయలోంచి తెచ్చి మళ్లీ కట్టిన ఆటస్థలం అక్కడ ఉంది. మధ్యలో దీర్ఘచతురస్రాకారపు బయలు, నాలుగు వైపులా మెట్లు. మెట్లమీద కూర్చుంటే కింద మెల్లగా మాట్లాడినా వినపడుతుందని గైడు చెప్పాడు. చెప్పడమే తరువాయి, సగంమంది కిందికి దూకి అరుపులు, సినిమా డైలాగులు, ఒకడు మా హెడ్మాస్టరు గారి ప్రార్థనా ప్రసంగం. పీఈటీ సారు ఈల నోట్లో పెట్టుకుని నావైపు చూశారు. ఉండనివ్వమని సైగ చేశాను. జనం కేకలు వేయడానికే కట్టిన చోటది. అంతా ఎక్కడివాళ్లక్కడ అరుస్తున్నారు కాబట్టి లెక్కపెట్టడం కూడా సులువైంది.

ఎత్తిపోతల జలపాతం, మాచర్ల చెన్నకేశవస్వామి గుడి కార్యక్రమంలో ఉన్నాయి గానీ పొద్దుగుంకింది, వదిలేశాం. జలపాతం దగ్గరి మొసళ్లను చూడలేదని ఇద్దరు ముగ్గురు అలిగారు. తిరుగు ప్రయాణంలో నకరికల్లు దాకా ముత్తాత మునిమనవడి చుట్టూ ఒక గుంపు, ముందు సీట్లలో నీళ్ల పార్టీ, స్తూపాల పార్టీ. తరవాత అందరూ నిద్రపోయారు, ఆయమ్మ తప్ప.

బడులు నడిపేవాళ్లకూ, టూరు డబ్బు కట్టే తల్లిదండ్రులకూ నా విన్నపం ఇది. రోజుకు ఒక్క చోటు చాలు, నాలుగు చూపించమని పట్టుబట్టకండి. గైడు చెప్పడం అయ్యాక ఒక గంట పిల్లల్ని వాళ్లమానాన వదిలేయండి, ఈల జేబులో పెట్టండి. వాళ్లడిగినదానికి జవాబు తెలియకపోతే తెలియదనండి, కొంపలేమీ మునగవు. ఆయమ్మను సంచులకు కాపలా పెట్టి బస్సులో కూర్చోబెట్టకండి, ఆమెకూ టికెట్ కొనండి. నాగార్జునకొండకైతే చలికాలంలో వెళ్లండి, లాంచీ నడుస్తోందో లేదో ముందురోజే కనుక్కోండి. శుక్రవారం మాత్రం పెట్టుకోకండి. మ్యూజియానికి ఆ రోజు సెలవు.